న్యూజిలాండు గెలిచిన మూడు ఆదివారాలు

నందికొండ దగ్గర ఆనకట్ట కడుతున్న రోజుల్లో, ఒక రేకుల క్వార్టర్లో, రెండు మంచాల మధ్య మిగిలిన జాగాలో మేమొక అంతర్జాతీయ క్రికెట్ లీగు నడిపాం. మేమంటే ఇద్దరం. నేను ప్రాజెక్టు ఆఫీసులో గుమాస్తాను. అతను నక్షాల సెక్షన్‌లో ట్రేసరు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన నక్షా మీద గంజి పట్టించిన పల్చటి గుడ్డ పరిచి, దాన్ని సిరాతో మళ్ళీ గీయడం అతని పని. దేశమంతా ఆ ఆనకట్ట వైపు చూస్తున్నప్పుడు దాన్ని కట్టే ఉద్యోగులిద్దరు ఆదివారాలు ఏం చేశారన్నది ఏ రికార్డులోనూ లేదు కనుక నేనే రాయాల్సి వస్తోంది. అతని పేరూ, ఊరి పేరూ రాయను. ఆ పేర్లతో ముడిపడ్డ మనుషులు ఇంకా ఉన్నారు.

మా లీగులో ఆరు జట్లు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందటి ఇంగ్లాండు, రెండు యుద్ధాల నడుమ ఆస్ట్రేలియా, పాత దక్షిణాఫ్రికా, రెండో యుద్ధం తర్వాతి వెస్టిండీసు, భారతదేశపు తొలి జట్టు, న్యూజిలాండు. దక్షిణాఫ్రికాతో ఆడకూడదన్నది భారత ప్రభుత్వ విధానం. మా గదిలో మాత్రం ఆడాం. ప్రభుత్వానికి తెలియజేయలేదు. ఆటగాళ్లలో సగంమంది అప్పటికే చచ్చిపోయారు. దానివల్ల లీగు నిర్వహణకు ఏ ఇబ్బందీ కలగలేదు. పైగా వాళ్లు సెలవులు అడిగేవారు కాదు.

ఆటగాళ్ల వివరాలన్నీ ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో ఉండేవి. హైదరాబాదులో కాలేజీ చదువుతున్నప్పుడు పాత పుస్తకాలవాడి దగ్గర కొన్నాను. అట్ట లేదు కాబట్టి దాని పేరేమిటో నాకు ఈనాటికీ తెలియదు. చెదలు ఇంగ్లాండు బౌలర్లలో నలుగురిని తినేశాయి. వాళ్ల లెక్కలు మేమే వేశాం, కొంచెం ఉదారంగా.

ఆట ఆరు గవ్వలతో. ఎన్ని వెల్లకిలా పడితే అంత లెక్క. రెండు పడితే రెండు పరుగులు, నాలుగు పడితే నాలుగు. మూడు మాటిమాటికీ పడుతుంది కనుక దానికి పరుగు లేదన్నాం. ఒకటి పడినా, అన్నీ బోర్లా పడినా అవుట్. ఐదు పడితే పుస్తకం తీసి ఆ బ్యాట్స్‌మన్ సగటు చూసి అవుటో కాదో తేల్చేవాళ్లం. ఆరు పడితే సిక్సరు, ఆపైన ఇంకో ఏత. మా ఊళ్లల్లో గవ్వలాట అంతే, ఆరు పడ్డవాడు మళ్ళీ వేస్తాడు. క్రికెట్లో ఆ పద్ధతి లేదని ఇద్దరికీ తెలుసు. కానీ ఆరు పడ్డాక గవ్వలు కింద పెట్టడం మా ఇద్దరికీ చేతకాలేదు. బ్రిటిషువాళ్లు ఆ నియమం ఎందుకు పెట్టుకోలేదో అతనికి ఆశ్చర్యంగా ఉండేది.

నేను నల్లగొండ దగ్గర సాలెల ఇంట్లో పుట్టినవాణ్ణి. చీర అంచు లెక్కలు గళ్ల కాగితం మీద వేయడం చూస్తూ పెరిగాను గనక పాయింట్ల పట్టిక నా పని. అతనిది దేవరకొండ వైపు ఒక చిన్న పల్లె, గొర్లు మేపుకునే కుటుంబం. వాళ్లింట్లో బడికి పోయిన మొదటివాడు. పాడైపోయిన ట్రేసింగు గుడ్డల మీద నల్లసిరాతో అతను స్కోరుకార్డులు రాస్తే అచ్చు వేసినట్టుండేవి. ఆనకట్ట నక్షాల కన్నా అవే బాగున్నాయని నేను అనేవాణ్ణి. ఆనకట్ట నిలబడింది కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకోవాల్సిన పనిలేదు.

జట్లు పంచుకున్నప్పుడు అతను ఏరి కోరి న్యూజిలాండును తీసుకున్నాడు. ఆ దేశం టెస్టులు మొదలుపెట్టాక ఏళ్ల తరబడి ఒక్కటీ గెలవలేదని పుస్తకం చూపించాను.

"గా దేశంల మనుషుల కన్న గొర్లెక్కువ ఉంటయన్నవు గదనే?" అన్నాడు.

"అవును."

"ఇగ నాకు వేరే టీం ఎందుకు? ఆళ్లు మనోళ్లే."

ఆ మనోళ్లు రెండు సీజన్లలో ఒక్కటంటే ఒక్క ఆట గెలవలేదు. అతనికి బాధ లేదు. పదకొండు మందినీ మందలో గొర్లను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేవాడు. ఎవడు ఏ ఆటలో ఎన్నో ఏతకు అవుటయ్యాడో కార్డు చూడకుండా చెప్పేవాడు. "అన్నా, మేం మందను లెక్కబెట్టం, మొకాలు చూస్తం. ఎవ్వతి లేదో తెలుస్తది," అనేవాడు.

మూడో సీజన్ దసరా తర్వాత మొదలైంది. అప్పటికే అతనికి ఆఫీసు నుంచి గుట్ట మీది కాలనీకి ఎక్కేసరికి ఆయాసం వస్తోంది. దారిలో రెండుసార్లు ఆగి, నక్షా పట్టుకున్నవాడిలా కృష్ణ వైపు చూస్తూ నిలబడేవాడు. పాదాలు ఉబ్బాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదని బొంతలు మడిచి వీపు వెనక పెట్టుకుని కూచుని నిద్రపోయేవాడు. దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు కోస్తావైపు మనిషి, మర్యాదస్తుడు. అతన్ని బయట కూచోబెట్టి నన్ను లోపలికి పిలిచాడు.

"మీరు బంధువులా?"

"ఒకే క్వార్టరండీ."

"చదువుకున్నవారు కాబట్టి మీకు చెబుతున్నాను. చిన్నప్పుడెప్పుడో కీళ్ల జ్వరం వచ్చిందట. దాంతో గుండె కవాటం పాడైపోయింది. మందులిస్తాను. ఉపశమనం ఉంటుంది, అంతే."

"ఎన్నాళ్లు?"

"ఎండాకాలం గట్టెక్కడం కష్టం. అతనికి చెప్పకండి, ధైర్యం చెడుతుంది. ఇంటివాళ్లకి చెప్పండి."

ఆ కాలంలో పద్ధతి అది. రోగం ఒకరిది, దాని సంగతి ఇంకొకరికి చెప్పేవారు. బయటికి వచ్చాను.

"ఏమన్నడే?"

"రక్తం తక్కువుందట. ఆకుకూరలు తినమన్నాడు," అన్నాను.

"గంతసేపు ఆకుకూరల ముచ్చటేనా?"

"చాలా రకాలున్నాయి," అన్నాను.

అతను నవ్వాడు. ఆఫీసులో నేను జోకులు వేసేవాడినని పేరుండేది. అందులో ఒక సౌకర్యం ఉంది. అబద్ధం చెప్పినా జోకనుకుంటారు.

అయితే సంగతి అతని ఒక్కడిది కాదు. మాఘమాసంలో అతని పెళ్లి. మేనమామ బిడ్డతో చిన్నప్పుడే అనుకున్నది, ఆ ఏడు ఖాయం చేసుకున్నారు. తండ్రి లేనివాడు. తల్లి పల్లెలో ఉండేది. మంచికీ చెడుకూ మేనమామే. డాక్టరు చెప్పమన్న ఇంటివాళ్లంటే ఆయనే. ఆయనకు చెప్పకపోతే మాఘంలో పెళ్లవుతుంది, ఎండాకాలంలో ఆ పిల్ల బొట్టు పోతుంది. ఇంత తేలికైన లెక్క నేను మా లీగులో కూడా వేయలేదు. దేవరకొండ బస్సు రోజూ పోయేది. రెండు నెలలు అది నన్ను ఎక్కించుకోకుండానే పోయింది. ఒకసారి సెలవుచీటీ రాసి జేబులో పెట్టుకున్నాను కూడా. చెబితే పెళ్లి ఆగుతుంది, పెళ్లి ఎందుకు ఆగిందని అతను అడుగుతాడు, అప్పుడు అతనికీ చెప్పాలి. అక్కడికి వచ్చేసరికి నా ఆలోచన ఆగిపోయేది. చీటీ చెమటకు తడిసి చిరిగింది.

దానికి బదులు నేను చేసిన పని ఒకటుంది. న్యూజిలాండును గెలిపించాను.

అప్పటికి అతను వంగి గవ్వలు వేసే స్థితిలో లేడు. బొంతలకు ఆనుకుని కూచుని ఒళ్లో పలక పెట్టుకుని కార్డు రాసేవాడు. నేను కింద నేల మీద, అతని మంచం కోడు పక్కన కూచుని రెండు జట్లకూ వేసి లెక్క చెప్పేవాణ్ణి. మంచం అంచు అడ్డం కాబట్టి గవ్వలు అతనికి కనబడవు, చప్పుడే వినబడుతుంది. న్యూజిలాండు ఆడుతున్నప్పుడు ఒకటి పడినా, అన్నీ బోర్లా పడినా "మూడు" అనేవాణ్ణి. మూడుకు పరుగు లేదు గదా. ఊరికే పరుగులివ్వలేదు, అవుట్ కాకుండా చూశాను, అంతే. నాకున్న నిజాయితీ అంతటిది.

మొదటి ఆదివారం న్యూజిలాండు భారతదేశపు తొలి జట్టును ఓడించింది. అతను కార్డు కింద రెండు గీతలు గీశాడు. కళ్లు మెరిశాయి. ఆ వారమంతా ఆకుకూరలు బాగానే తిన్నాడు. రెండో ఆదివారం దక్షిణాఫ్రికా ఓడింది. ఈసారి అతను కాసేపు గీతలు గీయలేదు. "మనోళ్లకేదో సోకింది," అన్నాడు. నేను నవ్వాను. మూడో ఆదివారం ఇంగ్లాండు. చెదలు తిన్న బౌలర్లు మాకు తెలిసినంతలో మహా దిట్టలు. అయినా మధ్యాహ్నం అన్నం వేళకు న్యూజిలాండు గెలిచింది.

అతను కలానికి మూత పెట్టాడు.

"అన్నా, పొద్దుటి సంది మనోళ్లకు ఒకటి పడనేలేదు."

"అదృష్టం."

"ఇంగ్లాండోళ్లకు తొమ్మిదిసార్లు పడ్డది. మనోళ్లకు ఒక్కపారి గూడ పడలే. మూడే పడుతున్నది. అవే గవ్వలు, అదే చెయ్యి."

"గవ్వలకేం తెలుసురా ఎవరు ఎవరో."

"గవ్వలకు తెల్వదు. నీకు తెలుసు." కొంచెం ఊపిరి తీసుకుని, మామూలు గొంతుతోనే అడిగాడు. "రెండేండ్లల్ల ఒక్కటి గెల్వనోళ్లు మూడు వారాల్ల మూడు గెలిచిన్రు. డాక్టరు నీకు ఏం జెప్పిండో జెప్పు."

ఎక్కడా జోకు దొరకలేదు. చెప్పాను. కవాటం, కీళ్ల జ్వరం, ఎండాకాలం, అంతా. డాక్టరు మర్యాదగా చెప్పిన దాన్ని నేను తల వంచుకుని, గవ్వలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోసుకుంటూ చెప్పాను. అతను చివరిదాకా విన్నాడు. తర్వాత ఆ మూడు ఆటల కార్డులు తీసుకుని, స్కేలు పెట్టి, మూల నుంచి మూలకు ఒక్కొక్క గీత గీశాడు. మీద చిన్న అక్షరాలతో "రద్దు" అని రాశాడు.

"మాఘంల పెండ్లున్నదని ఎరుకే గద నీకు?"

"ఎరుకే."

"ఎరుకుండి గిట్ల గవ్వలేసుకుంట కూసున్నవా? సిగ్గులేదానే నీకు?"

రెండు నెలల నుంచి నన్ను నేను అడగని ప్రశ్న అది.

సాయంత్రం తనే తేల్చాడు. "మామకు నేనే చెప్త. రోగమని చెప్పను."

"ఎందుకు?"

"చెప్తే ఇనడు. పెండ్లయితే అన్నీ సక్కగయితయంటడు. ఒకవేళ ఇని బంజేసిండనుకో, రేపు నేను పోతె పిల్లనేమంటరు? ఖాయం జేసుకోంగనే మొగడయ్యేటోడు సచ్చిండు, నష్టజాతకమంటరు. ఇగ దాన్నెవడు జేసుకుంటడు? నేనే బద్మాష్‌నయితె పిల్లకేం గాదు. తప్పంత నా మీదికొస్తది. నేనెట్లయిన ఎక్కువ రోజులుండను, మోస్త."

అతని మాటలో నాకు లోపమేమీ కనిపించలేదు. మరో రెండు వారాలకు మేనమామ ముహూర్తం చెప్పడానికి వచ్చాడు. భుజాన కొత్త గొంగడి, అల్లుడి కోసం. బస్సు దిగి గుట్ట ఎక్కినా రొప్పు లేని మనిషి. అతన్ని చూడగానే నొచ్చుకున్నాడు.

"ఏంది అల్లుడా, గిట్ల చిక్కిపోయినవ్? హోటలు కూడుతోనే గిట్లయితది. పిల్లొచ్చినంక మంచిగ తింటవు తియ్యి."

"మామా, నాకా పెండ్లొద్దు."

మేనమామ నవ్వాడు, నా వైపు చూశాడు. నా మొహంలో ఏమీ దొరక్క నవ్వు ఆపాడు.

"ఎందుకొద్దు?"

"సదువురాని పిల్లను దెచ్చుకోని ఈ ఇంజనీర్ల నడుమ నేనేం జేసుకోవాలె? పేడ వాసన దప్ప దానికేం తెలుసు? నాకు సదువుకున్న పిల్ల గావాలె."

ఆ పేడ వాసన మాట మేము అనుకున్న దాంట్లో లేదు. అప్పటికప్పుడు తెచ్చుకున్నాడు. మేనమామ మొహంలోకి రక్తం ఎక్కింది.

"సారూ, వీడు సోయిలుండే మాట్లాడుతున్నడా? మీరు పెద్ద సదువులు సదివినోళ్లు, జర మీరన్న చెప్పుండ్రి."

"అతని ఇష్టం," అన్నాను. నా జీవితంలో చెప్పిన అబద్ధాల్లో అది బహుశా అన్నిటికన్నా చిన్నది.

"మా చెల్లె కడుపుల చెడబుట్టినవుర నువ్వు. నా బిడ్డకు నీ అసొంటోడు దొరకడనుకున్నవా? ఈ మాఘం దాటకుంట దానికి పెండ్లి జేస్త, సూడు!" అన్నాడు మేనమామ. గుట్ట దిగుతూ కూడా తిడుతూనే పోయాడు. గొంగడి మా గుమ్మంలో పడేసి పోయాడు. అతను దాన్ని కప్పుకోలేదు. మడిచి నా మంచం మీద పెట్టాడు.

ఆయన అన్నంత పనీ చేశాడు. మాఘంలోనే ఆ పిల్లకు కృష్ణ అవతల, ఆలంపూర్ దగ్గరి ఊళ్లో సంబంధం చూసి పెళ్లి చేశాడు. కబురు తెలిసిన రోజు అతను సీజన్ పూర్తిచేద్దామన్నాడు. రద్దయిన మూడు ఆటలూ మళ్ళీ వేయాలన్నాడు. ఈసారి ఇత్తడి పళ్లెం అతని ఒళ్లో పెట్టి, అతని కళ్లెదుటే వేశాను. మూడూ న్యూజిలాండు ఓడిపోయింది. చివరిదాంట్లో అయితే అరవై దాటలేదు. ఆ ఓటములను అతను పూర్తిగా నమ్మాడు. స్కోరు రాస్తూ, "ఇది మనోళ్ల ఆట," అన్నాడు.

తల్లి వచ్చి మా క్వార్టర్లోనే ఉండి వండిపెట్టింది. తన అన్నను కాదన్నందుకు కొడుకుతో రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడకుండా ఉండడానికి టైము లేదని ఆమెకే తెలిసిపోయింది. డాక్టరు చెప్పినదానికన్నా ముందే, మామిడికాయలు రాకముందే, ఒక పొద్దున అతను బొంతలకు ఆనుకునే పోయాడు. పల్లెకు తీసుకుపోయి బొంద పెట్టారు. మేనమామ వచ్చాడు, తప్పదు గదా. మట్టి వేస్తూ అందరికీ వినబడేట్టు అన్నాడు.

"నా బిడ్డ ఉసురు దలిగింది. ఊకెనే పోతదా ఆడపిల్ల ఉసురు?"

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆ పిల్ల కూడా వచ్చింది. ఆడవాళ్ల గుంపులో, కొత్త పుస్తెలతో, నేల చూస్తూ నిలబడింది. పిల్లకు నష్టజాతకం పేరు రాకుండా అతను అన్నీ ఆలోచించాడు. ఉసురు సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. ఇప్పుడు ఊరి లెక్కలో అతన్ని చంపింది ఆ పిల్లే. నోరు విప్పితే అతను మోసిందంతా వృథా అవుతుంది, విప్పకపోతే ఇది ఆమె మీద పడుతుంది. నేను మట్టి వేసి పక్కకు జరిగాను.

లీగు ఆగిపోయింది. క్వార్టర్లోకి ఇంకో గుమాస్తా వచ్చాడు, అతనికి పేకాట ఇష్టం. కొన్నేళ్లకు నన్ను మహబూబ్‌నగర్ బదిలీ చేశారు. పని మీద ఒకసారి ఆలంపూర్ పోయి, గుడి బయట నీడలో బస్సు కోసం కూచున్నాను. చంకలో ఒక బిడ్డ, కొంగు పట్టుకున్న ఇంకో బిడ్డతో ఒకామె దగ్గరికి వచ్చి నిలబడింది.

"సారూ, మీరు మా బావతోని ఒక్క అర్రలుండేటోళ్లు గదా?"

బొంద దగ్గర నన్ను చూసి గుర్తుపెట్టుకుందట. నేను అవునన్నాను. ఏ పలకరింపూ లేకుండా మొదలుపెట్టింది.

"నేను ఉసురు పెట్టలే సారూ. మా నాయినన్నడు, ఊరంతన్నరు. అత్తోళ్లు గూడ నాతోని జాగ్రత్తగ మాట్లాడుతరు, ఈమె ఉసురు మంచిది గాదని. నేను ఒక్క మాటన్న అనలే. ఒద్దన్నడంటే ఏడ్చిన, గంతే."

ఆమెకు ఇద్దరు పిల్లలు, మొగుడున్నాడు, ఇక నష్టజాతకమన్న పేరు ఆమెను అంటదు. చెప్పవచ్చు అనుకున్నాను. మొదటిసారి ఎవరూ అడక్కుండా నిజం చెప్పాను. కవాటం నుంచి గవ్వల దాకా, మేనమామతో పేడ వాసన అన్నదాకా. బిడ్డ ఆమె చెవిపోగు లాగుతున్నా పట్టించుకోకుండా విన్నది.

"సదువు రానిదని గాదా?"

"కాదు."

"రోగమని తెలిస్తె నేను చేసుకోననుకున్నడా?"

"చేసుకుంటావనే భయపడ్డాడు."

ఆమె బిడ్డ పిడికిట్లోంచి చెవిపోగు విడిపించుకుంది. నేను ఆమె మొహం తేలికపడుతుందనుకున్నాను. అట్లా జరగలేదు.

"మూడు నెలలన్న దగ్గరుండి చేసేదాన్ని," అన్నది. "ఇద్దరు మొగోళ్లు అర్రల కూసోని తేల్చుకున్నరు. పెండ్లి నాది. నన్నొక్కరన్న అడిగిన్రా?"

లేదన్నాను. ఇంకేం అనాలో కాలేజీలో చెప్పలేదు.

దూరం నుంచి ఆమె మొగుడు పిలిచాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగింది. "ఇగ మా నాయినకు చెప్పకుండ్రి. ముసలోడయిండు. ఉసురు మాటన్నందుకు కుమిలి సస్తడు."

సరే అన్నాను.

ఆ ముసలాయన ఆ తర్వాత చాలా కాలమే బతికాడు. దేవరకొండ బస్టాండులో ఎప్పుడు ఎదురుపడినా చేయి పట్టుకుని హోటల్లోకి తీసుకుపోయి చాయ్ చెప్పేవాడు. "మీరు మంచోళ్లు సారూ, గా బుద్ధిలేనోనితోని ఎట్లున్నరో ఏమో," అనేవాడు. చాయ్ బాగుండేది. తాగేవాణ్ణి.